మా మర దగ్గర ఎవరూ ఎదురుచూడరు

మా ఊళ్ళో ఎదురుచూడటాన్ని నిషేధించారు. ఆ సంగతి చెప్పడానికి మండలం నుంచి వస్తున్న ఆఫీసరుగారి కోసం ఊరంతా పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పంచాయతీ ఆఫీసు ముందు ఎదురుచూసింది. అదే ఆఖరిసారి అని ఆయన వచ్చాక తెలిసింది.

ఆయన పేరు చక్రధరరావుగారు. ఉద్యోగం పేరు మండల నిరీక్షణా నిర్మూలన అధికారి. ఉద్యోగం కొత్తది, జీపు పాతది. ఆయన మైకు ముందు నిలబడి గొంతు సవరించుకుని, "నిరీక్షణ అనేది ప్రజల ఉత్పాదక సమయాన్ని హరించే సామాజిక రుగ్మత. దీనిని సమూలంగా నిర్మూలించే దిశగా మీ గుండ్లవాగు గ్రామాన్ని ప్రయోగాత్మకంగా ఎంపిక చేయడం జరిగింది" అన్నారు. ఎవరు ఎంపిక చేశారో చెప్పలేదు. ఆయన మాటల్లో ఏ పనీ ఎవరూ చెయ్యరు, అన్నీ జరుగుతాయి.

జరగబోయేది ఏమిటంటే, పంచాయతీ అనుమతి ఉన్న ప్రతి దుకాణమూ ఇకమీదట ఆన్‌లైన్ అపాయింట్‌మెంటు ఉన్నవాళ్ళకే పని చేసిపెట్టాలి. ఊరికే నడిచి వచ్చినవాళ్ళని లోపలికి రానివ్వకూడదు. బయట నిలబెట్టకూడదు. దానికి కావలసిన యాప్ ఉచితం. ఉచితం అన్న మాట వచ్చినప్పుడల్లా ఆయన ఆగి మావైపు చూశారు. మేం చప్పట్లు కొట్టేదాకా ముందుకు కదల్లేదు.

మాది పిండి మర. మా అమ్మ ఆదిలక్ష్మి నడుపుతుంది. అమ్మ లేచి ఒక్కటే అడిగింది, మా మర అనుమతి జూన్ నెలాఖరుతో అయిపోతుంది, ఈ ఆన్‌లైన్ మాకు చేతకాకపోతే ఏమవుతుందండీ అని.

"అట్టి పక్షంలో అనుమతి పునరుద్ధరణ జరగదు. మర తాలూకు విద్యుత్ సరఫరాను నిలుపుదల చేయడం జరుగుతుంది" అన్నారు చక్రధరరావుగారు, ఎంతో మర్యాదగా.

ఆ రోజు అమ్మ అన్నం తినలేదు. నాన్న లారీ డ్రైవరు. నెలకోసారి వస్తాడు, ఒక్కోసారి రాడు. మర మాత్రం రోజూ ఉంటుంది. మా ఇంట్లో మనిషి కంటే మర మీదే నమ్మకం పెట్టుకోవచ్చని అమ్మ అంటూ ఉంటుంది, నాన్న పక్కనే ఉన్నప్పుడు కూడా.

నాకు మాత్రం లోపల్లోపల సంతోషంగానే ఉంది. బడి నుంచి వచ్చాక మర దగ్గర నా పని పేర్లు పిలవడం. "ఫలానావాళ్ళ పిండి అయింది, రండి" అని మర చప్పుడు మీదుగా కేకెయ్యాలి. నా గొంతు నాకే సరిగా వినపడదు. నేను ఒకసారి అని, వినపడలేదని తెలిసి, వెళ్ళి ఆ మనిషి భుజం తట్టి వేలితో చూపిస్తాను. ఆన్‌లైన్ వస్తే ఫోనే వాళ్ళకి కబురు పెడుతుంది. నేను ఇంక నోరు తెరవక్కర్లేదు.

అంతకు ముందు మా మర ఎలా నడిచేదో చెప్పాలి. మా ఊరివాళ్ళు మర దగ్గర నిలబడరు, వాళ్ళ డబ్బాలు నిలబడతాయి. పొద్దున్నే ఎవరి డబ్బా వాళ్ళు వరసలో పెట్టేసి ఇళ్ళకి పోతారు, లేదా బయట బల్ల మీద కూర్చుని కబుర్లాడతారు. కరెంటు వచ్చినప్పుడు మర తిరుగుతుంది. ముందు వచ్చినవాళ్ళకి ముందు అన్నది మా దగ్గర లేదు. ఉన్నది ఒకటే మర కాబట్టి బియ్యం ముందు, తర్వాత జొన్నలూ గోధుమలూ, తర్వాత సెనగపప్పు, ఆ తర్వాత పసుపు, అన్నిటికీ చివర కారం. మిరపకాయలు తెచ్చినవాళ్ళు తెల్లారకముందే వచ్చినా సాయంత్రం దాకా ఆగాల్సిందే. దీనికి ఎవరూ బోర్డు పెట్టలేదు. ఎవరూ గొడవ పడలేదు. ఇవాళ బియ్యం తెచ్చినవాళ్ళు రేపు మిరపకాయలు తెస్తారు కదా.

యాప్ పెట్టే పని నాదే అయింది. ఇంట్లో అరిగిపోని వేళ్ళు నావే అని అమ్మ అంది. అందులో మొదటి ప్రశ్న, మీరు ఏ సేవ అందిస్తారు. కటింగ్, ఫేషియల్, పళ్ళ వైద్యం, యోగా, పెళ్ళికూతురి అలంకరణ అని వరసగా ఉన్నాయి. పిండి లేదు. 'ఇతరములు' ఉంది గానీ అది నొక్కితే తెరుచుకోలేదు. ఉచితంగా వాడుకునేవాళ్ళకి ఇతరములు లేవు.

అమ్మ చక్రధరరావుగారికి ఫోన్ చేయించింది. ఆయన కాసేపు ఆలోచించి, మర సేవకు స్వభావరీత్యా అత్యంత సమీపంగా ఉన్నది ఫేషియల్ అని తేల్చారు. రెండిట్లోనూ పొడి ఉంటుంది, రెండిట్లోనూ రుద్దడం జరుగుతుంది అన్నారు. నేను ఫేషియల్ నొక్కాను.

మొట్టమొదటి అపాయింట్‌మెంటు తిరపతమ్మత్త తీసుకుంది. ఆవిడ మా బజారులోనే ఉంటుంది. అరవై దాటాయి, పళ్ళన్నీ ఉన్నాయి, నోరు ఇంకా బాగా ఉంది. ఫోను మోగగానే నా దగ్గరికి తెచ్చి చదవమంది. "ప్రియమైన తిరపతమ్మ గారూ, మీ ఫేషియల్ ఖరారైంది. దయచేసి ముఖం శుభ్రంగా కడుక్కుని, నగలు తీసేసి రండి" అని ఉంది.

"జొన్నలకి ముఖం కడుక్కోటం ఎందుకే?" అంది ఆవిడ. అయినా కడుక్కునే వచ్చింది. ప్రభుత్వం పని కదా, మనకెందుకు మాట అంది.

రెండో రోజే ఇబ్బంది వచ్చింది. అది ఆవకాయల కాలం. మా వైపు ఇంటింటా ఏడాదికి సరిపడా కారం పట్టించుకునే రోజులు. యాప్‌లో ఎవరు ముందు నొక్కితే వాళ్ళకి ముందు. పొద్దున మొదటి స్లాటు మిరపకాయలకి పోయింది. రెండో స్లాటు తిరపతమ్మత్త కోడలిది. ఆ పిల్ల కడుపుతో ఉంది, సీమంతానికి అరిసెలు వండాలని తడిబియ్యం తెచ్చింది. వాళ్ళని కాసేపు ఆగమందామంటే ఆగడం నిషేధం. స్లాట్లు అటూ ఇటూ మారుద్దామంటే యాప్ ఒప్పుకోదు. అమ్మ మధ్యలో ఇన్ని నూకలు వేసి మర కడుగుదామంటే నూకలకి అపాయింట్‌మెంటు లేదు.

ఆ సీమంతంలో అరిసెలు తిన్న ముత్తయిదువలు అందరూ కళ్ళనీళ్ళతో దీవించారు. చూసినవాళ్ళు అంత ప్రేమ ఎక్కడా చూడలేదన్నారు.

అమ్మ మండలానికి వెళ్ళి, కారం చివర పట్టేలా వరస మార్చుకోనివ్వండి బాబూ అని అడిగింది. నేనూ వెంట వెళ్ళాను. చక్రధరరావుగారు కుర్చీలోంచి కొంచెం లేచారు, విషయం అంత పెద్దది.

"చూడండమ్మా, సేవల మధ్య వివక్షకు ఈ పథకంలో తావు లేదు. బియ్యం అయినంత మాత్రాన ఒక ధాన్యానికి అగ్రస్థానం, మిరప అయినంత మాత్రాన ఒక పంటకు అట్టడుగు స్థానం కల్పించడం జరగదు. యాప్ ముందు అందరూ సమానులే" అన్నారు. అక్కడున్న గుమాస్తా చప్పట్లు కొట్టాడు.

బియ్యమూ మిరపకాయలూ సమానమయ్యాక కరెంటు సంగతి వచ్చింది. మర తిరిగే త్రీఫేజు కరెంటు మా ఊరికి వస్తుంది, పోతుంది. ఎప్పుడన్నది లైన్‌మన్ నాగుల్‌మీరా అన్నకే తెలీదు. మునుపు డబ్బాలు ఓపిగ్గా ఉండేవి కాబట్టి ఇబ్బంది లేకపోయింది. ఇప్పుడు మనిషి తన స్లాటుకి వస్తాడు, కరెంటు ఉండదు, స్లాటు అయిపోతుంది, డబ్బా ఎత్తుకుని పోతాడు. కరెంటు వచ్చేసరికి స్లాటు ఉన్నవాళ్ళు ఎవరూ ఉండరు.

చక్రధరరావుగారు స్వయంగా మర దగ్గరికొచ్చి సమస్యని చూశారు. చూసి, మూలకారణం దొరికిందన్నారు. ఇంతమంది అపాయింట్‌మెంటు తీసుకుంటుంటే కరెంటు మాత్రం తీసుకోకుండా ఇష్టం వచ్చినప్పుడు రావడం జరుగుతోంది. ఇది నడిచి వచ్చే కస్టమరు కిందకి వస్తుంది. ఇకమీదట కరెంటు కూడా బుక్ చేసుకునే రావాలి.

నాగుల్‌మీరా అన్న తల గోక్కుంటూ నా పక్కన కూర్చున్నాడు. కరెంటు పేరు మీద ఖాతా తెరిచాం. ఇంటిపేరు అడిగితే త్రీఫేజు అని రాశాం. ఆడా మగా అంటే ఇద్దరం మొహాలు చూసుకుని ఖాళీగా వదిలేశాం. వెంటనే కబురొచ్చింది, ప్రియమైన కరెంటు గారూ, మీ ఫేషియల్ ఖరారైంది, ముఖం శుభ్రంగా కడుక్కుని రండి అని.

"నేను మా ఏఈ గారికి ఏమని చెప్పాలి పాపా?" అన్నాడు అన్న.

ఇక్కడ ఇంకో చిక్కు. ఒక స్లాటులో ఒక్క కస్టమరే ఉండాలి. కాబట్టి కరెంటు తన స్లాటులో ఉన్నంతసేపూ మరలోకి ఇంకెవరూ రాకూడదు. అమ్మ స్విచ్చి వేసింది. మర ఖాళీగా తిరిగింది. ఆ స్లాటు అయ్యాక కరెంటు వెళ్ళిపోయింది, తర్వాతి స్లాటుకి జనం వచ్చారు. మండలానికి వెళ్ళిన లెక్కలో ఆ రోజు అందరి అపాయింట్‌మెంట్లూ సకాలంలో పూర్తయినట్టు పడింది. గింజ కూడా నలగలేదన్నది ఆ లెక్కలో అడగలేదు.

తర్వాత గాలివాన వచ్చి మూడు స్లాట్లకి కరెంటు రాలేదు. యాప్‌కి ఒక నియమం ఉంది. చెప్పకుండా మూడుసార్లు ఎగ్గొట్టిన కస్టమరుని అది నిషేధిస్తుంది. కరెంటుని నిషేధించింది. మర్నాడు కరెంటు వచ్చి దీపాలు వెలిగితే అమ్మ స్విచ్చి మీద చెయ్యి పెట్టి నావైపు చూసింది. నిషేధించిన కస్టమరుని లోపలికి రానిస్తే అనుమతి పోతుంది. అమ్మ చెయ్యి తీసేసింది.

అయినా జనం ఆశ చావక డబ్బాలు తెచ్చి వరసలో పెడుతున్నారు. ఒకరోజు చక్రధరరావుగారు జీపు దిగి ఆ వరస చూశారు. ఇవి ఏమిటన్నారు. డబ్బాలండీ అంది అమ్మ. ఏం చేస్తున్నాయన్నారు. అమ్మ ఒక డబ్బా మూత తీసి చూపించింది. ఆయన డబ్బాల చుట్టూ ఒకసారి తిరిగి, ఇవి నిరీక్షిస్తున్నాయని నిర్ధారించారు. వ్యక్తి స్వయంగా గానీ, ప్రతినిధి ద్వారా గానీ, పాత్ర ద్వారా గానీ నిరీక్షించడం నేరమని ఒక కాయితం గోడకి అంటించారు. బయట ఉన్న బల్లని జీపు వెనక వేసుకుని పోయారు, అది నిరీక్షణను ప్రోత్సహిస్తోందని.

బల్ల పోయాక జనం ఎదురింటి అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టారు. జీపు చప్పుడు వినపడగానే తిరపతమ్మత్త అందరికీ ముందే చెప్పి పెట్టేది, ఎవరు ఏమడిగినా ఎదురుచూస్తున్నామని మాత్రం అనొద్దు. చక్రధరరావుగారు కిటికీలోంచి తల బయట పెట్టి, ఏమమ్మా, ఎదురుచూస్తున్నారా అని అడిగితే, "లేదు బాబూ, ఊరికే కూర్చున్నాం" అని అరుగంతా ఒకే గొంతుతో చెప్పేది. ఊరికే కూర్చోవడం మీద నిషేధం లేదు. ఆయన తల లోపలికి తీసుకునేవారు.

ఊరికే కూర్చుంటే ఆవకాయలు కావు. పక్క ఊరి మరకి ఆటోలు కట్టించుకుని పోవడం మొదలైంది. మా మరకి దుమ్ము పట్టింది. పిండి కాదు, దుమ్మే. అంతలో జిల్లా నుంచి పెద్ద మేడంగారు వచ్చి చూసి అనుమతి కాయితం మీద సంతకం పెడతారని కబురు. పథకం ప్రకారం పని జరుగుతూ కనిపించాలి, ఎవరూ ఎదురుచూస్తూ కనిపించకూడదు. కరెంటుకి నిషేధం ఉంటే పని ఎలా జరుగుతుందని అమ్మ. అది నీ సమస్య, పథకం సమస్య కాదమ్మా అన్నారట చక్రధరరావుగారు.

మేడంగారు వచ్చే ముందురోజు సాయంత్రం అమ్మ మరని తడిగుడ్డతో తుడుస్తూ కూర్చుంది. పెళ్ళి కావాల్సిన పిల్లని తుడిచినట్టు తుడుస్తోంది. నేను పక్కనే కూర్చుని యాప్‌ని అటూ ఇటూ తిప్పుతున్నాను. 'పెళ్ళికూతురి అలంకరణ' దగ్గర ఆగాను. ఎన్నిసార్లు చూశానో గానీ ఎప్పుడూ తెరవలేదు. తెరిస్తే ఇలా ఉంది: సమయం, రోజంతా. పెళ్ళికూతురితో పాటు వచ్చేవారు, ఎందరైనా. చేయవలసిన సేవలు, పెళ్ళివారి ఇష్టప్రకారం, వారు కోరిన వరసలో.

నేను అమ్మ చెవిలో చెప్పాను. అమ్మ గుడ్డ పక్కన పెట్టి, మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను. అమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా తిరపతమ్మత్త ఇంటికి పోయింది, వెనకే నేను.

పెళ్ళికూతురు అనగానే కోడలు పిల్ల నోరు నొక్కుకుంది. తిరపతమ్మత్త మాత్రం కోడల్ని ఒక చూపు చూసి, "మొదటిసారి నన్నెవరూ అడగలా. ఈసారి నేనే బుక్ చేసుకుంటా. పేరు సరిగ్గా కొట్టవే పిల్లా" అంది.

కొట్టాను. ఊళ్ళో ఉన్న డబ్బాల వాళ్ళందరినీ పెళ్ళికూతురి తరఫువాళ్ళుగా చేర్చాను. కబురు విని వచ్చిన నాగుల్‌మీరా అన్న, మరి మా వాడి సంగతి అన్నాడు. కరెంటు కస్టమరుగా రావడానికే నిషేధం, పెళ్ళికి చుట్టంగా రావడానికి కాదు. చేర్చాను. కాసేపటికి తిరపతమ్మత్త ఫోను మోగింది. "ప్రియమైన తిరపతమ్మ గారూ, మీ కొత్త జీవితానికి శుభాకాంక్షలు." ఆవిడ ఆ కబురు అందరికీ చూపించుకుంది.

మర్నాడు పొద్దున కల్లా డబ్బాలు మళ్ళీ వరసకొచ్చాయి. బల్ల లేదని తిరపతమ్మత్త తన ఇంట్లో బల్ల పంపించింది, పెళ్ళివారు నేల మీద కూర్చుంటారా అని. కరెంటు కూడా బంధువు కాబట్టి తీరిగ్గా వచ్చింది. అమ్మ స్విచ్చి వేసింది. బియ్యం, జొన్నలు, సెనగపప్పు. మర చప్పుడు విని ఊళ్ళో కుక్కలు కూడా వచ్చి చూసి పోయాయి. పిండి లేచి అందరి మొహాలూ తెల్లబడ్డాయి.

మేడంగారి కారు అప్పుడే వచ్చింది. వెనక జీపులోంచి చక్రధరరావుగారు దిగి, లోపలున్న జనాన్నీ, డబ్బాలనీ, బల్లనీ చూసి, మొహంలో నెత్తురు లేకుండా నిలబడ్డారు. ఆ ఒక్క మొహమే పిండి లేకుండా తెల్లబడింది.

మేడంగారు గుమ్మంలోంచి, ఇంతమంది నిరీక్షిస్తున్నారేమిటి అని అడిగారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మర ఆగిపోయింది. అంత నిశ్శబ్దం మా మరలో నేనెప్పుడూ వినలేదు. ఫోను నా చేతిలో ఉంది. అమ్మ నావైపు చూసింది, తిరపతమ్మత్త నావైపు చూసింది, అందరూ నావైపే చూశారు. తట్టి చూపించడానికి మేడంగారి భుజం దూరంగా ఉంది.

"ఎవరూ ఎదురుచూడటం లేదండీ" అన్నాను. నా గొంతు గోడకి తగిలి నాకే తిరిగి వినపడింది. "వీళ్ళంతా కలిపి ఒక్క అపాయింట్‌మెంటేనండీ. జరుగుతోంది."

మేడంగారు నా చేతిలోంచి ఫోను తీసుకుని చాలాసేపు చదివారు. తర్వాత పెళ్ళికూతురు ఎవరని అడిగారు. తిరపతమ్మత్త తల నుంచి పాదాల దాకా పిండితో బల్ల మీంచి లేచి, నేనేనమ్మా అంది. పెళ్ళికొడుకు ఎవరని అడిగారు.

"ఆయన పోయి చానాళ్ళయిందమ్మా. ఆ సంగతి ఫోను అడగలా."

మేడంగారు చక్రధరరావుగారివైపు తిరిగి, వధువుకు గరిష్ఠ వయోపరిమితి ఏమైనా నిర్దేశించారా అన్నారు. ఆయన, నిర్దేశించడం జరగలేదు మేడం అన్నారు. మేడంగారు ఇంకోసారి అందరి మొహాలూ పరికించారు. "లబ్ధిదారులందరి ముఖాలపైనా చూర్ణం స్పష్టంగా కనిపిస్తోంది. సేవ అందినట్టే. సున్నా నిరీక్షణ. ఆదర్శప్రాయం" అని, అమ్మ చేతిలోని అనుమతి కాయితం తీసుకుని, తిరపతమ్మత్త డబ్బా మూత మీద పెట్టి సంతకం చేశారు. కాయితం మీద పిండి అంటింది. అమ్మ దాన్ని దులపలేదు. అలాగే కళ్ళకి అద్దుకుంది.

కారు వెళ్ళిపోయింది. జీపు వెళ్ళలేదు. చక్రధరరావుగారు జీపు చుట్టూ ఒకసారి తిరిగి, వెనకనుంచి ఒక గుడ్డసంచీ తీసి, గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డారు. సంచీ మూతి దగ్గర ఎర్రగా మిరపకాయలు కనిపిస్తున్నాయి. మండలంలో ఆయన ఇంటి పక్క మర కూడా ఆన్‌లైన్ అయిందట, ఆయనే చేయించారట. దానికి వానాకాలం దాకా స్లాట్లు లేవట. ఇంట్లో మామిడికాయ ముక్కలు కోసి పెట్టుకుని కూర్చున్నారట. ఇదంతా ఆయన ఎవరితోనూ కాకుండా గుమ్మంతో చెప్పారు.

"పెళ్ళికొచ్చినవాళ్ళని కాదంటామా బాబూ, మా తరఫునే పెట్టండి" అంది తిరపతమ్మత్త.

ఆయన ముఖం విప్పారింది. లోపలికొచ్చి, అలవాటు కొద్దీ సంచీని తిన్నగా వరస మొదట్లో, మిగిలిన డబ్బాలన్నిటికీ ముందు పెట్టబోయారు.

"కారం చివరండీ" అన్నాను. అది నాకు తెలియకుండానే వచ్చేసింది, మర తిరుగుతూ ఉండి ఉంటే కూడా వినపడేంత గట్టిగా.

ఆయన నావైపు చూశారు. గోడ మీద తను అంటించిన కాయితం వైపు చూశారు. సంచీ తీసుకెళ్ళి వరస చివర, పసుపు డబ్బా వెనక పెట్టారు. బల్ల మీద అందరూ కొంచెం కొంచెం జరిగి చోటిచ్చారు. ఆయన కూర్చున్నారు. కరెంటు ఇంకా రాలేదు. ఎప్పుడొస్తుందమ్మా అని అడిగితే, చుట్టం కదండీ, చెప్పలేమన్నాను.

బయట ఎండ అరుగు దాటింది. నాగుల్‌మీరా అన్న తీగలవైపు చూసి మళ్ళీ కూర్చున్నాడు. తిరపతమ్మత్త చీరకొంగుతో మొహం తుడుచుకుని, పక్కకి వంగి అడిగింది.

"ఏం బాబూ, ఎదురుచూస్తున్నారా?"

చక్రధరరావుగారు చుట్టూ ఒకసారి చూసుకున్నారు.

"లేదమ్మా" అన్నారు. "ఊరికే కూర్చున్నాను."